మల్‌వాడ్ వీపీఎన్: నెలకు 5 యూరోలు పెడితే ఏది దాగుతుంది, ఏది దాగదు

డాలస్‌లో కూర్చుని ఇండియా ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా)తో జియోహాట్‌స్టార్ చూడాలన్నా, విదేశాల నుంచి మన ప్రభుత్వ సైట్లు తెరవాలన్నా మల్‌వాడ్ జోలికి వెళ్లకండి. వీపీఎన్ అంటే మీ ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను తాళం వేసి తన సర్వర్ గుండా పంపే సర్వీసు, దీనికి ఇండియాలో సర్వర్లే లేవు. ఓటీటీలు తెరుచుకుంటాయని కంపెనీ ఎక్కడా మాట ఇవ్వదు కూడా. హాస్టల్ వైఫై నడిపేవాడికో, ఎయిర్‌పోర్ట్ నెట్‌వర్క్‌కో, ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీకో మీ ఇంటర్నెట్ వాడకం కనిపించకూడదన్నదే మీ అవసరమైతే మాత్రం, ఇంత నిక్కచ్చిగా పనిచేసే సర్వీసులు చాలా తక్కువ.

మల్‌వాడ్‌ది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్. 2009 నుంచి నడుస్తోంది. ధర నెలకు 5 యూరోలు, అంటే మన లెక్కలో దాదాపు 500 రూపాయలు. నెలకు కట్టినా, ఏడాదికి కట్టినా, పదేళ్లకు కట్టినా అదే రేటు. "రెండేళ్లకు తీసుకుంటే 80 శాతం తగ్గింపు, ఇంకా 9 నిమిషాలే" అంటూ గడియారం తిప్పే ఆఫర్లు లేవు. ఆ ఒక్కదానికే సగం మార్కులు వేయొచ్చు.

అకౌంట్ తెరిచే పద్ధతి కొత్తగా అనిపిస్తుంది. ఈమెయిల్, ఫోన్ నంబరు, పేరు, పాస్‌వర్డ్ ఏవీ అడగదు. బటన్ నొక్కగానే 16 అంకెల నంబరు ఒకటి వస్తుంది. లాగిన్ అయినా, రీచార్జ్ అయినా దాంతోనే. పోతే "ఫర్గాట్ పాస్‌వర్డ్" లాంటి దారి ఉండదు కాబట్టి వచ్చిన వెంటనే పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో, కాగితం మీదో రాసిపెట్టుకోండి. డబ్బు కట్టిన రసీదు కూడా దాచుకోండి. ఒక అకౌంట్‌లో 5 పరికరాల వరకు ఆడతాయి. ప్రతిదానికీ యాప్ తనంతట తానే రెండు ఇంగ్లీషు పదాలతో ఓ వింత పేరు పెడుతుంది. ఏ పేరు మీ ఫోనుదో, ఏది ల్యాప్‌టాప్‌దో మొదటి రోజే రాసుకోవడం మంచిది. ఆరో పరికరంలో లాగిన్ అవబోతే ఏ పరికరాన్ని తీసేయాలో అడుగుతుంది, తికమక పడేది అక్కడే.

ఇక అసలు పని. వీపీఎన్ లేకపోతే బ్యాంకు పాస్‌వర్డ్ గాల్లో తిరుగుతుందన్నట్టు ప్రకటనలు భయపెడతాయి. అది నిజం కాదు. హెచ్‌టీటీపీఎస్ ఉన్న (చిరునామా https://తో మొదలయ్యే) ప్రతి సైటులోనూ మీరు టైప్ చేసేది, చదివేది వీపీఎన్ లేకుండానే ఎన్‌క్రిప్ట్ అయి (ఇతరులు చదవలేని కోడుగా మారి) ఉంటుంది. ఇంటర్నెట్ ఇచ్చే మీ ఆపరేటర్‌కు దొరికేది వేరే: ఏ సైటు పేరు అడిగారు, ఏ ఐపీకి వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత డేటా నడిచింది. సైటు పేరు, దాన్ని ఐపీగా మార్చమని డీఎన్‌ఎస్‌ను అడిగే ప్రశ్నలో బయటపడుతుంది. అక్కడ దాచినా, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు బ్రౌజర్ పంపే ఎస్‌ఎన్‌ఐ అనే చిన్న ఫీల్డులో సాధారణంగా బయటపడుతుంది. మన దగ్గర కొందరు ఆపరేటర్లు సైట్లను బ్లాక్ చేసేది కూడా ఆ ఫీల్డు చూసే. రాత్రి పదకొండింటికి మీరు ఓ క్యాన్సర్ ఆస్పత్రి సైటు తెరిస్తే, ఏ పేజీ చదివారో ఆపరేటర్‌కు తెలియదు, ఏ ఆస్పత్రో మాత్రం తెలుస్తుంది. వీపీఎన్ మూసేది ఆ సందు.

మల్‌వాడ్ వాడేది వైర్‌గార్డ్ ప్రోటోకాల్ (డేటాను తాళం వేసి పంపే పద్ధతి). 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ 5.6లోనే కలిసిపోయింది. కోడ్ దాదాపు 4,000 లైన్లే కాబట్టి ఒక మనిషి కూర్చుని మొత్తం చదివి తప్పులు పట్టగలడు. కనెక్ట్ నొక్కగానే మీ ఫోనులో ఓ ఊహాజనిత నెట్‌వర్క్ కార్డు పుడుతుంది, ఏ డేటా ఏ దారిన పోవాలో చెప్పే రూటింగ్ టేబుల్ మారి ట్రాఫిక్ మొత్తం ఆ కార్డులోకి మళ్లుతుంది. 1,380 బైట్ల ప్యాకెట్ (డేటాలో ఒక ముక్క) ఒకటి వచ్చిందనుకోండి. వైర్‌గార్డ్ దాన్ని చాచా20-పాలీ1305 అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి, 16 బైట్ల హెడర్ (వివరాల చీటీ), మధ్యలో ఎవరైనా మారిస్తే పట్టించే 16 బైట్ల ట్యాగ్ తగిలిస్తుంది. దానిపై ప్యాకెట్‌ను మోసుకెళ్లే యూడీపీకి 8, చిరునామా రాసే ఐపీవీ4కు 20 బైట్లు. మొత్తం 60 బైట్ల అదనపు బరువుతో 1,440 బైట్ల ప్యాకెట్ బయటికి వెళ్తుంది. ఆపరేటర్‌కు కనిపించేది ఒక్క సర్వర్ ఐపీ, దానికి పోయే అర్థంకాని యూడీపీ ప్యాకెట్లు, వాటి సైజు, సమయం. అంతే.

తాళాలు కూడా ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కర్వ్25519 అనే గణితం మీద నడిచే హ్యాండ్‌షేక్ (రెండువైపులా తాళాలు కుదుర్చుకునే పలకరింపు) దాదాపు రెండు నిమిషాలకోసారి కొత్త సెషన్ కీలు తయారుచేస్తుంది. ఇవాళ మీ ట్రాఫిక్ మొత్తం రికార్డు చేసిపెట్టుకుని, వచ్చే ఏడాది మీ ఫోనులోని కీ కొట్టేసినా, పాతది తెరుచుకోదు.

అటువైపు సర్వర్ ఈ ప్యాకెట్‌ను విప్పి, మీ ఐపీ స్థానంలో చాలామంది కలిసి వాడే తన ఐపీ పెట్టి సైటుకు పంపుతుంది. డీఎన్‌ఎస్ ప్రశ్నలు కూడా టనల్ (ఈ ఎన్‌క్రిప్ట్ అయిన దారి) లోపలే ఉన్న మల్‌వాడ్ డీఎన్‌ఎస్‌కు వెళ్తాయి. సర్వర్ నుంచి సైటు వరకు ఉన్న దారిలో మాత్రం వైర్‌గార్డ్ రక్షణ ఉండదు, హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే దిక్కు. పాత హెచ్‌టీటీపీ సైటులో పాస్‌వర్డ్ కొడితే వీపీఎన్ ఉన్నా లేనట్టే.

అంటే ఇంతకుముందు మీ ఆపరేటర్‌కు తెలిసినవన్నీ ఇప్పుడు వీపీఎన్ కంపెనీకి తెలియగలవు. ఏ వీపీఎన్‌ను తూచినా తూచాల్సింది ఇదే, స్పీడ్ టెస్టు కాదు. "మేం లాగ్స్ (వాడకం రికార్డులు) ఉంచం" అని అందరూ అంటారు. అలాగే అన్న యూఎఫ్‌ఓ వీపీఎన్ వంటి ఉచిత సర్వీసుల లాగ్స్ 2020 జులైలో తాళం లేని సర్వర్‌లో బయటపడ్డాయి. ఫేస్‌బుక్ చేతిలోని ఒనావో ప్రొటెక్ట్ రక్షణ పేరుతో వీపీఎన్ ఇచ్చి, ఎవరు ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో ఏరుకుంది. ఆ వ్యవహారంలో 2023లో ఆస్ట్రేలియా కోర్టు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

మల్‌వాడ్ విషయంలో మాటను మించిన ఆధారం ఉంది. 2023 ఏప్రిల్ 18న స్వీడన్ పోలీసులు సెర్చ్ వారంట్‌తో గోథెన్‌బర్గ్ ఆఫీసుకు వచ్చారు, కస్టమర్ల డేటా ఉన్న కంప్యూటర్లు పట్టుకెళ్దామని. అలాంటి డేటా తమ దగ్గర లేదని సిబ్బంది చూపించాక ఖాళీ చేతులతో వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబరుకల్లా వీపీఎన్ సర్వర్లన్నీ డిస్కు లేకుండా ర్యామ్ మీదే నడిచేలా మారాయి, కరెంటు తీస్తే అందులో ఏమీ మిగలదు. 2022లో ఆటోమేటిక్ రెన్యువల్ ఎత్తేశారు, కారణం ఆ పద్ధతిలో కార్డు వివరాలు ఎక్కువకాలం దాచాల్సి రావడం. ఆదాయం తగ్గే పని కోరి చేసే కంపెనీలు ఎన్ని ఉన్నాయి చెప్పండి. యాప్‌ల కోడ్ బహిరంగం, క్యూర్53 వంటి బయటి సంస్థల ఆడిట్ నివేదికలు కూడా బహిరంగమే.

ఇండియా సర్వర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందారుల పేరు, చిరునామా, ఫోను, కేటాయించిన ఐపీ వంటి వివరాలు 5 ఏళ్లు దాచాలి. అది ఆ ఏడాది సెప్టెంబరు 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ అన్నీ ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఇప్పుడు ప్రోటాన్ లిస్టులో "ఇండియా" అని కనిపించినా ఆ సర్వర్ ఉండేది సింగపూర్‌లో, ఐపీ మాత్రమే ఇండియాది. మల్‌వాడ్ ఆ ఏర్పాటు చేయలేదు. మనవాళ్లకు సాధారణంగా దగ్గరపడేది సింగపూర్.

దాని ఫలితం వాడకంలో తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం) దారి బాగుంటే 50 నుంచి 80 మిల్లీసెకన్లు, యూరప్ సర్వర్ పెడితే 150 దాటడం మామూలే. చెన్నైలో ఉన్న సైటు తెరవడానికి కూడా ప్యాకెట్ సింగపూర్ వెళ్లి, మళ్లీ చెన్నై వచ్చి, అదే దారిలో తిరిగి రావాలి. ఎన్‌క్రిప్షన్ వల్ల పోయేది తక్కువ. పైన చెప్పిన 60 బైట్లను 1,440తో భాగిస్తే 4 శాతం చిల్లర, అంటే 100 ఎంబీపీఎస్ ప్లానులో 95 పైనే రావాలి. 40కి పడిపోతే తప్పు వైర్‌గార్డ్‌ది కాదు, దూరానిదో, మీ ఆపరేటర్ పంపే దారిదో, పాత రూటర్ ప్రాసెసర్‌దో. ఆన్‌లైన్ గేమ్స్ ఆడేవాళ్లకు ఇది పనికిరాదు.

ఆండ్రాయిడ్‌లో సెటప్ ఐదు నిమిషాల పని, అయితే వరస తప్పితే అరగంట పడుతుంది. యాప్‌ను ప్లే స్టోర్, ఎఫ్-డ్రాయిడ్, లేదా మల్‌వాడ్ సొంత సైటు నుంచి తీసుకోవచ్చు. నంబరు కొట్టి, సింగపూర్ ఎంచుకుని కనెక్ట్ చేయండి. మల్‌వాడ్ సైటులోని కనెక్షన్ చెక్ పేజీ తెరిస్తే ఐపీ, డీఎన్‌ఎస్, వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో కాల్స్ నడిపేది) మూడూ చూపిస్తుంది. మూడూ పచ్చగా ఉండాలి. డీఎన్‌ఎస్ ఎర్రగా ఉంటే చాలాసార్లు కారణం ఫోనులోని ప్రైవేట్ డీఎన్‌ఎస్. ఎప్పుడో ప్రకటనలు ఆపడానికని అక్కడ వేరే సర్వర్ పేరు పెట్టి మరిచిపోయి ఉంటారు, దాన్ని ఆఫ్ చేయండి. బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్‌ఎస్‌కు గూగుల్‌నో క్లౌడ్‌ఫ్లేర్‌నో పెట్టినా ఇదే గొడవ. అప్పుడు ప్రశ్నలు టనల్ గుండానే పోతాయి గానీ చేరేది వేరేవాళ్ల దగ్గరికి, మల్‌వాడ్ ఇచ్చే ప్రకటనల బ్లాకర్ కూడా పనిచేయదు.

తర్వాత ఫోను సెట్టింగ్స్‌లో వీపీఎన్ పేజీకి వెళ్లి, మల్‌వాడ్ పక్కనున్న గేరు గుర్తు నొక్కి "ఆల్వేస్-ఆన్ వీపీఎన్" వేయండి. దాని కింద "బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్" అని ఇంకో స్విచ్ ఉంటుంది. దాన్ని వేసేముందు ఆగండి. మన బ్యాంకు యాప్‌లలో కొన్ని వీపీఎన్ కనిపిస్తే తెరుచుకోవు, యూపీఐ యాప్‌లూ విదేశీ ఐపీ చూసి మొరాయించవచ్చు. అందుకని మల్‌వాడ్‌లో స్ప్లిట్ టనలింగ్ తెరిచి ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లను మినహాయింపు జాబితాలో పెడతాం. ఆ రెండో స్విచ్ ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్ ఈ మినహాయింపును ఒప్పుకోదు, ఆ యాప్‌లకు ఇంటర్నెట్టే ఆగిపోతుంది. కిరాణా కొట్టు ముందు క్యూఆర్ స్కాన్ చేసి గిరగిరా తిరిగే చక్రం చూస్తూ నిలబడేది ఇందుకే. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఫోన్‌లో యూపీఐ వాడే మామూలు మనిషికి స్ప్లిట్ టనలింగే మేలు. కొన్ని బ్యాంకు యాప్‌లు జాబితాలో పెట్టినా ఫోనులో వీపీఎన్ ఇంటర్‌ఫేస్ ఉందేమోనని వెతుకుతాయి, వాటికి కాసేపు డిస్కనెక్ట్ చేయడం తప్ప దారి లేదు.

షావోమి, రియల్‌మీ, వివో ఫోన్లలో ఇంకో చికాకు. స్క్రీన్ ఆపిన కాసేపటికి బ్యాటరీ సేవర్ యాప్‌ను చంపేస్తుంది. ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీని "అన్‌రిస్ట్రిక్టెడ్" మీద పెట్టాలి.

రెండు విషయాలు చాలామందికి తట్టవు. ఫోనులో వీపీఎన్ ఉన్నా, మామూలు ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ ద్వారా ల్యాప్‌టాప్‌కు పోయే ట్రాఫిక్ టనల్‌లోంచి పోదు, ల్యాప్‌టాప్‌లో విడిగా వేసుకోవాలి. అలాగే ఫోనులో ఆఫీసు వర్క్ ప్రొఫైల్ ఉంటే మీ సొంత ప్రొఫైల్‌లోని వీపీఎన్ దాన్ని కప్పదు. ఇంట్లో వైఫై ప్రింటర్, టీవీకి క్యాస్ట్ చేయడం ఒక్కసారిగా ఆగిపోయాయంటే యాప్ చెడిపోలేదు. "లోకల్ నెట్‌వర్క్ షేరింగ్" మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఇంట్లో ఉన్నప్పుడు ఆన్ చేసుకోండి. హోటల్లో వద్దు.

లీకుల మాటకొస్తే, ఏ వీపీఎన్ అయినా ఆపరేటింగ్ సిస్టమ్‌కు లోబడే పనిచేస్తుంది. పై బ్లాక్ స్విచ్ వేసినా ఆండ్రాయిడ్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు నెట్ ఉందో లేదో చూసే చిన్న ప్రశ్నలను టనల్ బయటే పంపుతుందని 2022 అక్టోబరులో బయటపెట్టింది మల్‌వాడే. 2024 మేలో టనల్‌విజన్ అనే దాడి వెలుగులోకి వచ్చింది. వైఫైని చేతిలో పెట్టుకున్నవాడు పరికరాలకు ఐపీ కేటాయించే డీహెచ్‌సీపీ పద్ధతిలోని 121వ ఆప్షన్‌తో మీ కంప్యూటర్‌కు కొత్త దారులు నేర్పి, ట్రాఫిక్‌ను టనల్ పక్కనుంచి మళ్లిస్తాడు. యాప్ మాత్రం "కనెక్టెడ్" అనే చూపిస్తుంది. మల్‌వాడ్ డెస్క్‌టాప్ యాప్‌లు ఫైర్‌వాల్‌తో టనల్ బయటి ట్రాఫిక్‌ను ఆపుతాయి కాబట్టి లీకు బదులు పేజీ ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్‌నే పట్టించుకోదు. ఐఫోన్ యాప్‌కు మాత్రం అప్పట్లో ఆ రక్షణ లేదని కంపెనీయే ఒప్పుకుంది. నమ్మకం లేని వైఫైలో ఐఫోన్ వాడేవాళ్లు మొబైల్ డేటా మీద ఉండటం నయం.

కొన్నిసార్లు కనెక్ట్ అవుతుంది, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయి, కానీ పెద్ద పేజీలు సగంలో వేలాడతాయి. ఇది ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు పట్టే గరిష్ఠ సైజు) తేడా. రూటర్‌లో వైర్‌గార్డ్ ఫైలు చేత్తో ఎక్కించుకున్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ 1420, ఐపీవీ6 మీద అదనంగా 80 బైట్లు కలిస్తే సరిగ్గా 1500. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ లాంటి పీపీపీఓఈ (యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్లలో పట్టేదే 1492. ఆ 8 బైట్ల దగ్గర పెద్ద ప్యాకెట్లు రాలిపోతాయి, చిన్నవి దాటిపోతాయి. యాప్‌లో ఎంటీయూను 1280 నుంచి 1420 వరకు మార్చుకోవచ్చు. ముందు 1280 పెట్టి చూడండి, బాగైతే మెల్లగా పెంచుకుంటూ రండి.

అసలు కనెక్టే కాకపోతే ఆ నెట్‌వర్క్ యూడీపీని ఆపుతుండొచ్చు. కాలేజీ వైఫైల్లో మామూలే. వీపీఎన్ ట్రాఫిక్‌కు మారువేషం వేసే అబ్‌ఫస్కేషన్ సెట్టింగ్‌లో షాడోసాక్స్ గానీ, యూడీపీ-ఓవర్-టీసీపీ గానీ ఎంచుకుంటే చాలాచోట్ల దాటుతుంది, స్పీడు మాత్రం తగ్గుతుంది. దుబాయ్, అబుదాబిలో వాట్సాప్ కాల్స్ కోసం దీన్ని వాడదామనుకునే మనవాళ్లకు ఒక మాట: యూఏఈ 2021 నాటి 34వ నంబరు సైబర్ చట్టంలో ఐపీ దాచి నేరం చేస్తే జైలు లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. అక్కడ అనుమతి లేని ఇంటర్నెట్ కాల్స్ నిషేధం. ఇండియాలో వీపీఎన్ వాడకం మీద దేశవ్యాప్త నిషేధం లేదు, జమ్మూ కశ్మీర్‌లోని కొన్ని జిల్లాల్లో మాత్రం అధికారులు తాత్కాలికంగా నిషేధించిన సందర్భాలున్నాయి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మల్‌వాడ్ వేయకండి. గ్లోబల్‌ప్రొటెక్ట్, సిస్కో లాంటి ఆఫీసు వీపీఎన్ దారులు, దీని దారులు కొట్టుకుని రెండూ ఆగిపోవచ్చు. పైగా మాదాపూర్ నుంచి లాగిన్ అయిన పది నిమిషాలకు సింగపూర్ నుంచి లాగిన్ కనిపిస్తే సెక్యూరిటీ టీముకు అలర్ట్ పోతుంది, అకౌంటు లాక్ కావచ్చు.

సింగపూర్ ఐపీతో గూగుల్‌లో లాగిన్ అయి ఉంటే గూగుల్‌కు మీరు మీరే. కుకీలు, జీపీఎస్, బ్రౌజర్ ఆనవాళ్లు దేన్నీ వీపీఎన్ చెరపదు. వాట్సాప్‌లో "ఆర్టీవో చలాన్" అని వచ్చిన ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే, మీ ఎస్సెమ్మెస్‌లు దొంగకు చేరేది కూడా అదే టనల్ గుండా, చక్కగా ఎన్‌క్రిప్ట్ అయి. షేర్డ్ ఐపీ కాబట్టి "నేను రోబో కాదు" పరీక్షలు ఎక్కువ వస్తాయి, అలవాటు పడాలి. టొరెంట్ వాళ్లకు కావాల్సిన పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను మీ పరికరానికి చేర్చే సదుపాయం) 2023లోనే తీసేశారు. వైర్‌గార్డ్‌కన్నా పాతదైన ఓపెన్‌వీపీఎన్ ప్రోటోకాల్‌కు మద్దతు 2026 జనవరితో ముగిసింది, కాబట్టి ఓపెన్‌వీపీఎన్ మాత్రమే తెలిసిన పాత రూటర్లు దీనితో పనిచేయవు. డైటా అని ఒక స్విచ్ ఉంది, ప్యాకెట్లన్నీ ఒకే సైజుకు తెచ్చి, మధ్యలో ఉత్తుత్తి ప్యాకెట్లు కలుపుతుంది. ట్రాఫిక్ తీరు చూసి సైటు ఊహించేవాళ్ల మీద అది విరుగుడు, డేటా, బ్యాటరీ రెండూ ఎక్కువ తింటుంది. జర్నలిస్టులకు అక్కరకొస్తుంది గానీ మిగతావాళ్లు దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

డబ్బు కట్టేటప్పుడు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి, చాలా కార్డుల్లో అది మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. 5 యూరోల మీద బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (కరెన్సీ మార్పు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. క్రిప్టోతో కడితే 10 శాతం తగ్గింపు ఉంది.

నెలకు 500 ఎక్కువనుకుంటే ప్రోటాన్ వీపీఎన్ ఉచిత ప్లాన్ చూడండి. డేటా పరిమితి లేదు, ఒక పరికరమే, దేశం మీరు ఎంచుకోలేరు. ఇక అమెరికా నుంచి ఇండియా ఐపీ కావాల్సినవాళ్లకు వీటన్నిటికన్నా తేలికైన దారి గుంటూరులోనో వరంగల్‌లోనో మీ ఇంట్లోనే ఉంది. అమ్మానాన్నల దగ్గరున్న పాత ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను ఒకదానికొకటి కలిపే యాప్) వేసి, ఆ ల్యాప్‌టాప్‌ను ఎగ్జిట్ నోడ్‌గా (మీ ట్రాఫిక్ బయటికెళ్లే చోటుగా) పెట్టి, మీ అకౌంటు పేజీలో ఆమోదించండి. అదీ వైర్‌గార్డే. జియో, ఎయిర్‌టెల్ ఇళ్లకు విడి పబ్లిక్ ఐపీవీ4 ఇవ్వకపోయినా ఇది దారి వెతుక్కుంటుంది. వ్యక్తిగత వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోకుండా పవర్ సెట్టింగ్ మార్చండి, ఇంట్లో ప్లాను అప్‌లోడ్ స్పీడు ఎంతో చూసుకోండి, మీకు వచ్చే డౌన్‌లోడ్ అదే.